ఇంటిలోని తాడిచెట్టు

పట్టణములందలి ఇండ్లకు పెరడు కరవైనది. వేపనీడయు, బావిగట్టున అరటియు లేని లోటు తీర్చుకొనుటకై పలువురు ప్లాస్టిక్ పూలగుత్తులు కొని బల్లలపై నుంచుచున్నారు. దుమ్ము పట్టిననాడు వానిని కడిగి మరల అక్కడనే పెట్టుదురు. వానిని చూచి “ఇది యే పువ్వు?” అని అడుగు బాలుడు లేడు.

కొండపల్లి బొమ్మ అట్టిది కాదు. విజయవాడకు చేరువనున్న ఆ యూర ఆర్యక్షత్రియ శిల్పులు తరతరములుగా తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మలు చేయుచున్నారు. ఆ కఱ్ఱ మెత్తనిది, మిక్కిలి తేలికైనది. దానిని సన్నని సెగపై ఆరబెట్టి, తల, కాళ్లు, తోక వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. పిమ్మట సున్నము పూసి రంగులు దిద్దుదురు. అంబారీ యేనుగు, పాడియావు, తాడిచెట్టు నెక్కుచున్న గీతగాడు వారి చేతిలో రూపొందుదురు. తాటిమట్టల విసురును, మ్రాని నిలువును కన్నులార చూచినవాడే ఆ చెట్టు నట్లు చెక్కగలడు. సంక్రాంతి కొలువులో పిల్లలు దాని ప్రక్కనే పళ్లెములో ఆవాల మొలకలు పెంచి పొలముగా అమర్చుదురు. చెక్కిన చెట్టునకును, మొలచిన పైరునకును పొత్తు చక్కగా కుదురును.

వరాహనది యొడ్డునున్న ఏటికొప్పాకలో రంగులు సైతము ప్రకృతివే. అచ్చటివారు అంకుడు కఱ్ఱను తరిమెనపై త్రిప్పి, గింజలు, ఆకులు, వేళ్లనుండి తీసిన రంగులను లక్కతో కలిపి పట్టింతురు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది.

“కుండీలో మొక్క నుంచరాదా? బొమ్మయేల?” అని కొందఱందురు. ఉంచవచ్చును, మంచిదే. కాని మొక్క తన్ను మాత్రమే చూపును. శిల్పము మనుష్యుడు దానిని చూచిన తీరును గూడ చూపును. అదియునుగాక, ఏనుగును కుండీలో పెంచుట యెట్లు?

ఇంతకంటె బరువైన ఆక్షేపణ మఱియొకటి కలదు. చెట్టును నఱికి చెట్టుబొమ్మ చేయుట ప్రకృతిని ప్రేమించుట యగునా? దీనిని త్రోసిపుచ్చరాదు. పొణికి మెట్టకొండలపై మెల్లగా నెదుగు చెట్టు. నేడది శిల్పులకు సులభముగా దొరకుటలేదు. తెలంగాణమందలి నిర్మల్ బొమ్మలకును అదే కఱ్ఱ ఆధారము. కఱ్ఱకు బదులు ప్లాస్టిక్ మూస చాలునన్నచో నఱుకుట తప్పును గాని, ఉలి పట్టిన చేతికి పని పోవును. కొండపై పొణికి యుండెనా, పోయెనా యని విచారించువాడును ఉండడు. బొమ్మ కావలసినవాడే చెట్టును కోరును. కావున నఱికిన దానికంటె అధికముగా పొణికి మొక్కలను ఆ కొండలపై నాటించుట ప్రభుత్వమునకును, బొమ్మలు కొనువారికిని విధి. నాటిన మొక్క ముదిరి ఉలికి లొంగుటకు పెక్కేండ్లు పట్టును గనుక, ఆ పనిని రాబోవు వానకాలముననే మొదలిడవలెను.