వెళదామా, మానేద్దామా?

శుక్రవారం సాయంత్రానికి మన ఇళ్ళల్లో ఓ పంచాయితీ మొదలవుతుంది. "కొత్త సినిమా బాగుందట, ఆదివారం వెళదామా?" అని పిల్లలు. "ఎవరు చెప్పారు? రేటింగు రెండున్నరే ఇచ్చారు" అని వాళ్ళ నాన్నగారు, ఫోన్లోంచి తలెత్తకుండానే. "థ్రిల్లరా? నాకొద్దమ్మా, రాత్రి నిద్రపట్టదు" అని అత్తగారు. "పోనీ, పక్క హాల్లో కామెడీ ఆడుతోందిగా..." చివరికి ఏదో ఒకటి తేలుతుంది. ఆ తేలినదాని కోసం ఆదివారం పెందలాడే వంట ముగించి, పిల్లల్ని తయారుచేసి, అత్తగారి మాత్రలు బ్యాగులో వేసుకుని, గ్యాసు కట్టేశామో లేదో అని వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చి చూసుకునేది మాత్రం మనం. ఇంత జరిగినా "నీకేం చూడాలనుంది?" అని మనల్ని ఎవరైనా అడిగారా? అంతకన్నా ముందు, మనల్ని మనం అడుక్కున్నామా?

దీనికి కూడా ఓ సంపాదకీయమా అని నవ్వకండి. మొన్న మా ఇంట్లో నలుగురం సినిమాకెళ్ళొచ్చాక లెక్క చూసుకుంటే 1,900 రూపాయలు తేలింది. అందులో పాప్‌కార్న్, కూల్‌డ్రింకులే 700! పాలకెంత, కూరలకెంత అని నెల మొదట్లోనే లెక్కవేసుకునే ఇల్లాలికి ఆ డబ్బు విలువ వేరే చెప్పాలా? 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయలు, అంతకు లోపు టికెట్టు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. వంద దాటితే మాత్రం 18 శాతమే. మల్టీప్లెక్సు మెత్తటి కుర్చీలకి అలవాటుపడ్డ పిల్లలు ఆ వంద లోపు హాలుకి రమ్మంటే వస్తారా! సరే, డబ్బు సంగతి అలా ఉంచండి. వారమంతా కలిపి మనది అనుకోదగ్గ మధ్యాహ్నం ఒక్కటి దొరుకుతుంది. అది పాడైతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు.

నా చిన్నతనంలో తెనాలిలో ఈ సమస్య ఇంతగా ఉండేది కాదు. మాట్నీకి వెళ్ళొచ్చిన పక్కింటి పిన్నిగారు సాయంత్రం బిందె పట్టుకుని కుళాయి దగ్గరకొచ్చారంటే చాలు, సినిమా బాగోగులు వీధంతటికీ తెలిసిపోయేవి. ఆవిడ "తెగ నవ్వించాడే!" అంటే మా అమ్మ మర్నాడే బయల్దేరేది. "ఏడిపించి చంపాడు" అంటే మా నాయనమ్మ ముందు తయారయ్యేది. పిన్నిగారికి ఏం నచ్చుతుందో, అందులో మాకు ఎంత నచ్చుతుందో మాకు తెలుసు. ఇప్పుడు రెండున్నర, మూడుంపావు అని మార్కులు వేసే అతనెవరో మనకి తెలీదు. మనమెవరో అతనికి అసలే తెలీదు.

1984లో జంధ్యాల గారు తీసిన 'శ్రీవారికి ప్రేమలేఖ'లో శ్రీలక్ష్మి వేసిన పాత్ర గుర్తుందా? సినిమా కథని టైటిల్స్ దగ్గర్నుంచీ పూసగుచ్చినట్టు చెప్పే సినిమా పిచ్చి ఇల్లాలు. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఇవాళ అదే పని ఫోను ముందు కూర్చుని చేసే కుర్రాళ్ళకి లక్షల్లో ప్రేక్షకులు! ఆడది చెబితే పిచ్చి అయింది, మగాడు చెబితే రివ్యూ అయింది. (అన్నట్టు, ఆ సినిమాకి ఆధారం పొత్తూరి విజయలక్ష్మి గారి నవల.)

రివ్యూలు రాసేవాళ్ళని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కెమెరా ఎలా ఉంది, రెండో సగం లాగిందా, పాటలు అడ్డమొచ్చాయా... వాళ్ళు చూసేవి వాళ్ళు చూస్తారు. మనకి తెలియాల్సిన సంగతులు వేరే ఉన్నాయి. కామెడీ అయితే, ఎవర్ని చూసి నవ్వమంటున్నారు? థ్రిల్లరైతే, ఎవర్ని చంపి భయపెడుతున్నారు? ఈ రెండింటికీ ఏ నక్షత్రాల లెక్కలోనూ జవాబుండదు.

కొన్నేళ్ళ క్రితం నాకే జరిగింది. 'సకుటుంబ సపరివార సమేతంగా చూడదగ్గ హాస్యచిత్రం' అన్న ప్రకటన నమ్మి అత్తగారినీ, అప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్న మా అమ్మాయినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. పదో నిమిషం నుంచే రెండర్థాల మాటలు. లావుగా ఉన్న అమ్మాయి తెరమీద కనిపిస్తే చాలు, వెనకాల ఏనుగు ఘీంకారం! హాలంతా నవ్వుతోంది. మా వరసలో మాత్రం నిశ్శబ్దం. అత్తగారు కళ్ళజోడు తీసి తుడుస్తారు, పెట్టుకుంటారు, మళ్ళీ తుడుస్తారు. ఆ ఏడాదే కొంచెం ఒళ్ళు చేసిన మా అమ్మాయి చున్నీ ముందుకి లాక్కుని పాప్‌కార్న్ డబ్బాలోకి చూస్తూ కూర్చుంది. ఇంటర్వెల్లో లేచి వెళ్ళిపోదామనుకున్నాను. "అంత డబ్బు పోశావు కదే, ఉందాంలే" అన్నారు అత్తగారు. ఉండిపోయాం. ఇప్పటికీ నాకు బాధ అదే, ఎందుకు ఉండిపోయామా అని. ఆ రాత్రి మా అమ్మాయి రెండు చపాతీలకి బదులు ఒక్కటే తిని లేచింది. డబ్బు హాల్లో అడుగుపెట్టినప్పుడే పోయింది. మిగతా గంటన్నరైనా పిల్లని ఆ నవ్వుల్లోంచి తప్పించి ఉండాల్సింది.

ఆడవాళ్ళ మీద జోకులే వెయ్యొద్దని కాదండోయ్. 'చంటబ్బాయ్' (1986)లో శ్రీలక్ష్మి కవిత్వంతో, 'అరటికాయ లంబా లంబా'తో పత్రిక ఎడిటర్ని పెట్టే బాధకి ఇప్పటికీ నవ్వొస్తుంది. మా పేజీకి వచ్చే వంటల ఉత్తరాలు కొన్ని విప్పినప్పుడు ఆవిడే కళ్ళముందు నిలబడుతుంది కూడా! కానీ అక్కడ మనం నవ్వేది ఆవిడ తాపత్రయం చూసి. ఆవిడ రంగునీ ఒళ్ళునీ చూసి కాదు. 'అహ నా పెళ్ళంట' (1987)లో కోట శ్రీనివాసరావు పిసినారితనానికీ అలాగే నవ్వాం. కోడిని చూరుకి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే మనిషి! మన చుట్టాల్లో అలాంటివాడు ఒకడు లేకపోతే కదా. ఇవన్నీ పాతవి, కొత్తవాటిలో ఎక్కడున్నాయి అంటారా? సమంత నిర్మించిన 'శుభం' (2025) చూడండి. సీరియల్ పిచ్చి పట్టిన ఆడవాళ్ళని ఏడిపించే కథలా మొదలవుతుంది. పోనుపోను, ఇంట్లో తన మాటే చెల్లాలనుకునే మొగుళ్ళు పెళ్ళాన్ని చూసి వణకడం దగ్గర నవ్వొస్తుంది. నవ్వు అటు తిరగడం మనకి చాలా తేడా.

థ్రిల్లర్ల సంగతి ఇంకాస్త చిక్కు. ఈ మధ్య చాలావాటికి మొదటి సీను అమ్మాయి శవమే. 2019లో వచ్చిన 'రాక్షసుడు'లో స్కూలుకెళ్ళే ఆడపిల్లలు ఒకరి తర్వాత ఒకరు మాయమవుతారు. 2022లో వచ్చిన 'హిట్ 2'లో ముక్కలు చేసిన స్త్రీ శరీరం దగ్గర దర్యాప్తు మొదలవుతుంది. రెండూ బిగువుగా తీసిన సినిమాలే, కాదనను. కానీ ట్యూషనుకెళ్ళిన పిల్ల పది నిమిషాలు ఆలస్యమైతే గుమ్మంలో నిలబడే తల్లి చూసే 'రాక్షసుడు' వేరు, కుర్రాళ్ళ గుంపు ఈలలేస్తూ చూసేది వేరు. "థ్రిల్లింగ్‌గా ఉంది" అని ఎవరో చెప్పినంత మాత్రాన మనకీ అలాగే ఉండాలని లేదు.

భయం లేకుండా థ్రిల్లరెలా ఉంటుందని అడగొచ్చు. భయం ఉండాలి. ఆ భయాన్ని మనలాంటి ఒకమ్మాయి వెంట నడుస్తూ పడుతున్నామా, లేక ఆమెని చంపేవాడి వెనకాల నిలబడి చూస్తున్నామా అన్నదే తేడా. వంశీ గారి 'అన్వేషణ' (1985)లో హత్యలున్నాయి. అయినా పక్షుల కూతల మీద పరిశోధన చేద్దామని అడవికొచ్చిన భానుప్రియ వెంట మనం నడుస్తాం. 1991లో 'క్షణ క్షణం'లో శ్రీదేవి దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ, అరుస్తూ, పారిపోతూనే ఉంటుంది. ఆమె భయం చూసి నవ్వొస్తుంది, ఆమెకేమవుతుందోనని భయమూ వేస్తుంది. 2005లో చంద్రశేఖర్ యేలేటి తీసిన 'అనుకోకుండా ఒక రోజు'లో ఛార్మి పాత్రకి తన జీవితంలో ఒక రోజు ఏమైందో గుర్తే ఉండదు. ఆ రోజుని వెతుక్కుంటూ పోయేదీ ఆమే. ఇక 2014లో 'దృశ్యం' వచ్చినప్పుడు ఆడవాళ్ళు హాళ్ళకి అంత ఇష్టంగా ఎందుకెళ్ళారు? దాన్ని తెలుగులో తీసింది నటి శ్రీప్రియ. ఆ ఇంట్లో తల్లీకూతుళ్ళ మీద పడ్డ ఆపద ఏ ఇంటికైనా రాగలదే, ఒక సెల్‌ఫోన్ వీడియో చాలు. అందుకే మీనా వణికినప్పుడల్లా మన చేతులూ చల్లబడ్డాయి.

రెండు రకాలూ కలిసినవి వస్తే ముందే కాస్త విచారించుకోండి. 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' (2019) నెల్లూరు డిటెక్టివ్ వేషాలతో నవ్విస్తుందని వెళితే, పోనుపోను శవాల చుట్టూ తిరుగుతూ గుండె బరువెక్కిస్తుంది. చక్కటి సినిమా. ఈమధ్యే ఇంట్లో ఎవరైనా పోయినవాళ్ళని మాత్రం "నవ్వొచ్చే సినిమా, రండి" అని తీసుకెళ్ళకండి.

"దీనికింత ఎందుకు, నెలా నెలన్నరకి ఫోన్లోకే వచ్చేస్తుందిగా" అనేవాళ్ళుంటారు. నిజమే. దాంతోపాటు ఇళ్ళల్లో ఓ సిద్ధాంతం కూడా పుట్టింది. పెద్ద పెద్ద ఫైటింగులైతే హాల్లో, కామెడీ అయితే ఇంట్లో అని. నేనొప్పుకోను. నవ్వు అంటువ్యాధి లాంటిది. మూడొందలమంది మధ్య పడీపడీ నవ్విన జోకుకి, వంటింట్లో స్టాండుకి ఆనించిన ఫోన్లో చూస్తే పెదవి కూడా కదలదు. థ్రిల్లరైతే మరీను. బెండకాయలు తరుగుతూ, కొరియర్ అబ్బాయికి తలుపు తీస్తూ, "అమ్మా, నా సాక్సేవీ?"కి జవాబు చెబుతూ చూస్తే హంతకుడెవరో తెలుస్తాడు గానీ ఎందుకు చంపాడో తెలీదు. 1960లో 'సైకో' విడుదలైనప్పుడు హిచ్‌కాక్ సినిమా మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని నియమం పెట్టించాడు. మన ఇంట్లో ఆ నియమం చెల్లుతుందా! బాగున్న కామెడీ, బాగున్న థ్రిల్లరు ఏడాదికి నాలుగైనా హాల్లోనే చూడండి. అంతంతమాత్రం వాటిని ఫోనుకి వదిలెయ్యండి. నచ్చకపోతే కట్టేయొచ్చు, అత్తగారు "డబ్బు పోశావే" అనరు.

పిల్లలతో వెళ్ళేవాళ్ళు చూసుకోవాల్సింది ఇంకోటుంది. మనకి తెలిసిన యూ, యూఏ, ఏ సర్టిఫికెట్లలో యూఏని ఇప్పుడు మూడు చేశారు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక 7+, 13+, 16+ అని వయసు కూడా పక్కనే వేస్తున్నారు. టికెట్లు కొనే యాప్‌లో సినిమా పేరు దగ్గరే కనిపిస్తుంది. యూఏ అంటే లోపలికి రానివ్వరని కాదు, ఆ వయసులోపు పిల్లలకి చూపించాలా వద్దా తల్లిదండ్రులు ఆలోచించుకోమని. 'ఏ' అయితే పద్దెనిమిది నిండనివాళ్ళకి ప్రవేశమే లేదు. నాని సినిమా అనగానే పిల్లలు మనకంటే ముందు చెప్పులేసుకుంటారా, 2025 మేలో వచ్చిన 'హిట్ 3'కి ఉన్నది 'ఏ' సర్టిఫికెట్టు! హీరో మొహం చూసి టికెట్లు తీసుకుంటే గేటు దగ్గర గొడవ, ఇంటికొచ్చాక ఏడుపులు.

మరి ఎవర్ని అడగాలి? మొదటిరోజు మాట అభిమానులది, అది అటు ఆకాశానికైనా ఎత్తుతుంది, ఇటు పాతాళానికైనా తొక్కుతుంది. సోమవారం దాకా ఆగితే ఆఫీసులో, కాలేజీలో, అపార్టుమెంటు లిఫ్టులో మామూలు మనుషుల మాట వినిపిస్తుంది. అందులోనూ మీ అభిరుచి తెలిసిన ఒక్క మనిషిని పట్టుకోండి. తోటికోడలో, స్నేహితురాలో, ఆఫీసులో పక్క సీటావిడో. "పిల్లలతో కూర్చోవచ్చా? రక్తం ఎంత? మా అత్తగారు పక్కనుంటే ఇబ్బందా?" అని అడిగి, అక్కడితో ఆపండి. కథ చెప్పబోతే మాత్రం చెవులు మూసుకోండి. లండన్లో అగాథా క్రిస్టీ నాటకం 'ది మౌస్‌ట్రాప్' 1952లో మొదలైంది. కోవిడ్ రోజుల్లో ఆగింది గానీ మళ్ళీ ఆడుతూ వచ్చింది. ఆట అయిపోగానే, హంతకుడెవరో బయట చెప్పొద్దని ప్రేక్షకుల్ని బతిమాలుకోవడం అక్కడి ఆనవాయితీ. మన వాట్సాప్ గ్రూపుల్లో రెండో ఆటకే చెప్పేస్తున్నారు!

ఇవన్నీ రాస్తూ నేనూ ఓ పని చేశాను. మొన్న బుధవారం సెలవు పెట్టి, ఆదివారం పంచాయితీలో ఓడిపోయిన థ్రిల్లరుకి మాట్నీ వెళ్ళాను. తోడు మా కింది వాటాలో ఉండే పిన్నిగారు, డెబ్బై దాటాయి. "మీకు భయమేస్తుందేమోనండీ" అంటే, "మీ బాబాయిగారితో నలభై ఎనిమిదేళ్ళు కాపురం చేశానమ్మా" అన్నారు. ఇంటి నుంచి తెచ్చిన జంతికలు గేటు దగ్గర ఆపేశారని కాసేపు అలిగారు. లైట్లార్పాక నా చెయ్యి పట్టుకుని, ఇంటర్వెల్ కాకముందే హంతకుణ్ణి చెవిలో చెప్పేశారు. చివరికి ఆవిడ చెప్పిందే నిజమైంది. ఎలా తెలిసిందండీ అంటే, "అంత వినయంగా కాఫీ కప్పు తనే కడుక్కునే మగాణ్ణి నమ్మొచ్చటే?" అన్నారు. ఏ సినిమా అని అడక్కండి. ఇప్పటికే సగం చెప్పేశాను.