తాతగారి పేరు మూలపత్రం కాదు

రాజపాళయం నుంచి తెన్‌కాశి రోడ్డు పట్టి సేత్తూరు వైపు వెళ్లండి. నిన్నటిదాకా కొబ్బరితోట ఉన్నచోట సిమెంటు ఆర్చి లేచి ఉంటుంది. ఆర్చి మీద తలపాగా తాతగారి బొమ్మ, కింద ‘నాలుగు తరాల నమ్మకం’. లోపల గ్రావెల్ పోసిన దారులు, పసుపు రంగు పూసిన హద్దురాళ్లు, ప్లాస్టిక్ జెండాలు. బ్రోచరు తెరిస్తే మొదటి పేజీలో సర్వే నంబరు ఉండదు. ముత్తాత ఆంధ్రదేశం నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చి, అంగడి పెట్టి, మాట తప్పకుండా బతికిన కథ ఉంటుంది. అందులో తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ కనిపించదు. ముత్తాత ఒక్కడే ఆంధ్రా.

ఆ కథ అబద్ధమని నేననను. విజయనగరం రోజుల నుంచీ మనవాళ్లు ఈ సీమకు వస్తూనే ఉన్నారు. కొందరు కత్తి పట్టుకుని, కొందరు నాగలితో, కొందరు మగ్గంతో, కొందరు తక్కెడతో. మద్రాసు పట్నమే 1639లో దామర్ల నాయకులు ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చిన నేల. ఆ బేరం కుదిర్చిన దుబాసీగా బేరి తిమ్మప్ప పేరు చెబుతారు. భూమి వ్యవహారం మనకు కొత్తేమీ కాదు. అయితే తాత తూకంలో మోసం చేయలేదు కాబట్టి మనవడి లేఅవుటులో మోసం ఉండదని ఏ చట్టంలో రాశారు? పరువు వారసత్వంగా వస్తుందేమో గానీ, పట్టా అలా రాదు.

అసలు గొడవ నీళ్లది. పడమటి కనుమల మీద కురిసిన వాన వాగులై దిగి ఒక చెరువు నింపుతుంది. అది పొర్లితే కింది చెరువు, అదీ పొర్లితే ఆ కింది చెరువు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానే ఇక్కడి రైతుకు ప్రధానమైన ఆధారం. చెరువుకూ చెరువుకూ మధ్య ఉన్న కాలవ ఎండాకాలంలో తుమ్మకంప మొలిచిన గుంటలా కనబడుతుంది. ప్లాట్లు వేసేవాడికి అది వృథా నేల. నాలుగు ట్రాక్టర్ల మట్టి తోలితే నలభై అడుగుల రోడ్డు. పై చెరువును ఎవడూ ముట్టలేదు, కింది చెరువునూ ముట్టలేదు. అయినా కిందిది నిండదు. చెరువుల ఆక్రమణలు తొలగించడానికి తమిళనాడు 2007లో చట్టమే చేసింది. చట్టం పుస్తకంలో ఉంది, మట్టి కాలవలో ఉంది.

2016 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపమంది. నాలుగు తరాల నమ్మకానికి చెమటలు పట్టాయి. మరుసటి ఏడాదే ప్రభుత్వం రుసుము కట్టి క్రమబద్ధం చేసుకోండని నిబంధనలు తెచ్చింది. ఆపైన గడువులు పొడిగిస్తూ పోయింది. విడి ప్లాటుకు దరఖాస్తు పెట్టుకుని తిరగాల్సింది ఎవరు? కూతురి పెళ్లికని దాచిన డబ్బు పోసి మూడు సెంట్లు కొన్నవాడు. అమ్మినవారు అప్పటికి ఇంకో ఆర్చి కడుతున్నారు.

వలస వచ్చిన వంశాల ఘనత గురించి ఈ ఊళ్లో మాట్లాడదలిస్తే పి.ఎస్. కుమారస్వామిరాజా ఉన్నారు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి, ఆ తర్వాత ఒరిస్సా గవర్నరు. రాజపాళయంలో తన ఇంటినే గాంధీ కళామందిరానికి ఇచ్చేశారు. పెద్దల పేరు చెప్పుకుని కాలవ పూడ్చేవారు ఒకసారి ఆ గుమ్మం దాకా వెళ్లిరావాలి. దూరమేమీ కాదు.

మీరు కొనేవారైతే ఆర్చి మీది తాతగారికి దండం పెట్టండి, తప్పులేదు. తర్వాత ఆ నేల మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ, అదే ఇక్కడివాళ్లు విల్లంగం అనేది, తీయించండి. లేఅవుటుకు పట్టణ ప్రణాళికా శాఖ (డీటీసీపీ) ఇచ్చిన అనుమతి కాగితం చూడండి. సర్వే కొలతల ఎఫ్ఎంబీ పటం చేతికిచ్చేదాకా కదలకండి. పటంలో కాలవ గీత ఉండి, నేల మీద కాలవ లేకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.