కుంగిన మనస్సుకు రెండు వైద్యాలూ అవసరమే

జ్వరం వస్తే థర్మామీటరు పెట్టి చూస్తాము. కాలు విరిగితే కట్టు కట్టిస్తాము. మనస్సు కుంగితే మాత్రం "ధైర్యంగా ఉండు" అని ఒక మాట చెప్పి ఊరుకుంటాము. ఈ ఉదాసీనత వల్లనే మన ఇళ్లలో డిప్రెషన్ ముదిరిపోతున్నది. బెంగుళూరులోని నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో ప్రతి 20 మంది వయోజనులలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధికి లోనవుతున్నారు.

కొన్నేళ్ల క్రితం ఒక గృహిణిని ఆమె భర్త నా వద్దకు తీసుకువచ్చారు. మానసిక వైద్యుడిచ్చిన మాత్రలతో ఆమె మూడు నెలల్లో బాగా కోలుకున్నది. ఇంతలో "ఇంగ్లీషు మందులు అలవాటైపోతాయి" అని బంధువులెవరో భయపెట్టగా, వాటిని ఒక్కసారిగా మాన్పించారు. వారం తిరగకుండానే తల తిరుగుడు, నిద్రలేమి, ఆందోళన మొదలయ్యాయి. ఆమె మళ్లీ మంచం పట్టింది. "ఇక మీ కషాయమే దిక్కు" అన్నారాయన. నేను కషాయం ఇవ్వలేదు. ముందు ఆ డాక్టరుగారి వద్దకే తిరిగి పంపాను. ఆయన అంగీకారంతోనే తరువాత అభ్యంగనము, ప్రాణాయామము, దినచర్య సూచించాను. కొన్ని నెలల తరువాత ఆ డాక్టరుగారే మాత్రలను క్రమంగా తగ్గించి మాన్పించారు.

నేను ఆయుర్వేదానికి ద్రోహం చేశానని కొందరనవచ్చు. కాని చరకాచార్యులు చికిత్సను దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయము, సత్త్వావజయము అని మూడు విధాలుగా చెప్పారు. మనస్సును అహితమైన విషయాల నుండి మరల్చడమే సత్త్వావజయము. రోగాన్ని పెంచే వాటిలో విషాదమే ప్రధానమని కూడా ఆయనే చెప్పారు. ఔషధమూ, మనోనిగ్రహమూ కలిసి నడవాలన్నది మన శాస్త్రానికి కొత్త మాట కాదు.

ఇంట్లో చేయదగినవి చాలా ఉన్నాయి. ఉదయపు ఎండలో అరగంట నడక, వేళకు నిద్ర, వేళకు భోజనము, నువ్వుల నూనెతో అభ్యంగనము, తెలిసినవారి వద్ద నేర్చుకున్న యోగాసనాలు, సంగీతము, ఆత్మీయుల సాంగత్యము – ఇవి మందుకు తోడుగా నిలుస్తాయి. థైరాయిడ్ లోపము, రక్తహీనత, బి12 లోపము కూడా డిప్రెషన్ వలె కనిపిస్తాయి కనుక రక్తపరీక్ష అవసరము. శాకాహారులు బి12 విషయంలో మరింత శ్రద్ధ వహించాలి.

అయితే "మూలికలే కదా, హాని చేయవు" అనుకోవడం పొరపాటు. లిథియం మాత్రలు వాడేవారు వమన విరేచనాలు చేయించుకున్నా, కఠినోపవాసాలు చేసినా, ఉప్పు బాగా తగ్గించినా రక్తంలో ఆ మందు పెరిగి విషమిస్తుంది. సెయింట్ జాన్స్ వర్ట్ అనే విదేశీ మూలికను డిప్రెషన్ మాత్రలతో కలిపి వాడితే ప్రాణాపాయం కలుగవచ్చు. అశ్వగంధ కూడా నిద్రమాత్రలతో కలిస్తే మత్తును పెంచవచ్చు. అందుచేత డాక్టరు ఇచ్చిన మందులు వైద్యుడికీ, వైద్యుడు ఇచ్చినవి డాక్టరుకూ దాపరికం లేకుండా చెప్పాలి.

డిప్రెషన్ మాత్రలు గుణమివ్వడానికి సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది. నయమైన తరువాత కూడా కనీసం ఆరు నెలలు వాడవలసి ఉంటుంది. అవి మత్తుమందుల వంటి వ్యసనం కావు. కాని మానవలసి వచ్చినప్పుడు డాక్టరు సలహాతో మెల్లగానే మానాలి.

రోగి "బ్రతకాలని లేదు" అంటే అది బెదిరింపు అనుకోరాదు. ఒంటరిగా విడువక, ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరుపై పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఏ వైద్యం గొప్పదన్న వాదం పండితులు తీరికగా చేసుకోవచ్చు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న మనిషికి ఆ తీరిక లేదు. ఆమెకు వేళకు మాత్ర అందించే చేయి కావాలి. సాయంత్రం నడకకు తోడు వచ్చే మనిషీ కావాలి. ఈ రెండూ ఒకే ఇంటిలో ఉండవచ్చునని నా విశ్వాసము.