జలశోధక కేంద్రముల శుభ్రత

సిద్దిపేట జిల్లా గజ్వేలు చెంతనున్న కోమటిబండయందు 2016వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీన భారత ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ మిషన్ భగీరథ పథకమును ప్రారంభించిరి. ఇంటింటికి నల్లానీరు చేర్చుట దాని ధ్యేయము. అయినను బోరునీటిని శుద్ధిచేసి 20 లీటర్ల డబ్బాలలో విక్రయించు కేంద్రములు పట్టణములందును పల్లెలందును నేటికిని నడచుచునే యున్నవి. పేదలు కష్టార్జితము వెచ్చించి కొను ఈ నీటి మంచిచెడ్డలు విచారించుట అందఱ విధి.

ఈ కేంద్రములకు ప్రాణము ఒక పలుచని పొర. నీటిని ఒత్తిడితో దానిగుండ పంపగా లవణములును ఫ్లోరైడును చాలవఱకు వెనుకనే నిలిచిపోవును. వాడుకకు తగిన ఇట్టి పొరను 1960 ప్రాంతమున అమెరికాలో సిడ్నీ లోబ్‌తో కూడి రూపొందించిన శ్రీనివాస సౌరిరాజన్ భారతదేశమున జన్మించినవాడగుట మనకు గర్వకారణము.

కాని సూక్ష్మజీవులు ఈ పొరకు పగవి. అవి పొరను దాటజాలక దానిపైననే కాపురము పెట్టును. చెఱువుమెట్లకు పాచి పట్టినట్లు, జిగురును స్రవించి దాని చాటున వృద్ధినొందును. అంతట నీటి రాబడి తగ్గును. విద్యుత్తు వ్యయము హెచ్చును. లవణములు సైతము పొరను దాటజొచ్చును.

క్లోరిన్ కలిపిన తీరదా యని కొందఱందురు. క్లోరిన్ జీవులను చంపునుగాని, నేడు వాడుకలోనున్న పాలిఅమైడు పొరనుగూడ చెఱచును. కావున క్లోరిన్ కలిసిన నీటిని బొగ్గుగుండ పంపి, దానిని తొలగించిన పిమ్మటనే పొరకు చేర్చవలయును. ఆ బొగ్గుతొట్టిని కడుగకున్న అదియే జీవులకు పుట్టినిల్లగును! ఇసుక, బొగ్గు వడపోతలను వేళకు కడుగుట, యంత్రము నిలుపునపుడు శుద్ధజలముతో పొరను కడిగి విడుచుట, రాబడి పదింట ఒక పాలు తగ్గినంతనే తగిన క్షారద్రావణముతో శుభ్రపఱచుట తప్పనిసరి. జాప్యము చేసినకొలది జిగురు గట్టిపడి మందునకు లొంగదు.

పొర దాటిన నీటిని కాచుటకు క్లోరిన్ ఉండదు గనుక, తొట్టియు డబ్బాయు మలినమైన శ్రమ యంతయు వ్యర్థము. 100 మిల్లీలీటర్ల త్రాగునీటిలో ఒక్క ఇ.కోలి క్రిమియైనను కానరారాదని భారతీయ ప్రమాణము 10500 నిర్దేశించుచున్నది.

పొర శుభ్రముచేసిన తేదీని, నీటి పరీక్షాఫలితమును ప్రతి కేంద్రము గోడపై వ్రాసియుంచునట్లు పంచాయతీలును పురపాలక సంఘములును నిబంధింపవలయును. కొనువారు వానిని అడిగి చూచుకొనవలయును. పొర మన్నిన వ్యాపారికిని లాభమే. శుద్ధజలమని పేరుపెట్టి వెల గైకొనువారు ఆ పేరు నిలుపుట న్యాయము.