మెడలో పుస్తెలకున్న పరపతి చేతుల్లో పనికి లేదా?

ఇంటి పట్టా ఆడవాళ్ల పేరున ఇచ్చామని పాలకులు గొప్పగా చెప్పుకుంటారు. నిజమే. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల స్థలాల పంపిణీలో పట్టాలు స్త్రీల పేరునే రాశారు. 2024 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో దశలోనూ పేద కుటుంబాల ఇల్లు స్త్రీ పేరున గానీ, ఉమ్మడిగా గానీ ఉండాలన్నారు. మరి ఆ ఇల్లు కట్టుకోవడానికి అప్పు కోసం ఆమె బ్యాంకు మెట్లెక్కితే మొదట వినపడే ప్రశ్న ఏమిటి? "ఈ ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లయిందమ్మా?"

నెల జీతగాళ్లకు ఇంటి అప్పు ఇచ్చేముందు బ్యాంకులు సాధారణంగా రెండేళ్ల అనుభవం, ఇప్పుడున్న చోట కొన్ని నెలల నుంచి ఏడాది దాకా నిలకడ, పే స్లిప్పులు, ఫారం 16 అడుగుతాయి. పైకి ఆడామగా తేడా లేని నిబంధనే. అయితే ఎవరు ఎందుకు ఉద్యోగం మారుతున్నారో అది అడగదు. మగవాడు ఎక్కువ జీతానికి మారితే ఎదిగాడంటారు. ఆడది పెళ్లయి ఊరు మారినందుకు, కాన్పు అయినందుకు, అత్తకు పక్షవాతం వచ్చినందుకు మారుతుంది. దానికి నిలకడ లేనితనమని పేరు.

ప్రొద్దుటూరులో పదేళ్లుగా ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్తున్న ఒక టీచరమ్మను ఊహించుకోండి. 2017 సవరణతో చట్టం 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఇచ్చింది. యాజమాన్యం మాత్రం ఐదో నెలలోనే "మానేసి మళ్లీ రామ్మా" అంటుంది. తిరిగి చేరితే కాగితాల మీద ఆమె కొత్త మనిషి. ఎండాకాలం సెలవులకు జీతం ఎగ్గొట్టే బడులు ఎన్ని లేవు! ఆ ఖాళీ కూడా పాసు పుస్తకంలో ఆమె తప్పుగానే కనిపిస్తుంది. పదేళ్ల చదువు చెప్పడం ఏ గడిలోనూ పట్టదు.

జమ్మలమడుగు చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో ఔట్‌సోర్సింగ్ కింద పనిచేసే ఆడవాళ్లది ఇంకో తంటా. పని అదే, గేటు అదే, మారేది కాంట్రాక్టరు. దాంతో యజమాని పేరు మారి, ఉద్యోగం మారినట్టే లెక్క. పి.ఎఫ్. కార్మికులకు 2014లోనే యు.ఎ.ఎన్. అనే ఒకే నంబరు ఇచ్చారు కదా, ఎన్ని చోట్ల మారినా అది మారదు. పి.ఎఫ్. కట్టిన ప్రతి నెలా అందులో కనిపిస్తుంది. అది చూసి సర్వీసు లెక్కగట్టడానికి అడ్డమేమిటి? పులివెందులలో జీతం మాని ఇంట్లోనే మిషను పెట్టుకున్న టైలరమ్మకైతే రెండు మూడేళ్ల ఆదాయపన్ను రిటర్నులు కావాలంటారు. అంటే సొంత కాళ్ల మీద నిలబడిన నాటి నుంచి రెండు మూడేళ్లు ఆమె లేనట్టే.

అదే మనిషి మెడలో గొలుసు తీసి కౌంటరు మీద పెడితే గంటలో డబ్బు చేతికొస్తుంది. ఎక్కడ పని చేస్తున్నావు, ఎన్నాళ్లయిందని ఎవరూ గుచ్చి అడగరు. బంగారం అంగళ్లకు పేరుపడ్డ ప్రొద్దుటూరులో ఈ సంగతి చిన్నపిల్లకూ తెలుసు. ఆ గొలుసు కూడా లేనివాళ్లకు రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి నూటికి 24.

లేదంటే అందరూ చెప్పే దారి ఒకటుంది: "మీ ఆయన పేరున పెట్టించు." కంతులు ఆమె జీతంలోంచి, కాగితాలు ఆయన పేరున. రేపు తగువొస్తే ఆ ఇంట్లోంచి బయటికి నడిచేది ఎవరో చెప్పనక్కరలేదు.

పిల్లల్ని కంటుందన్న అనుమానంతో భార్య సంపాదనను అప్పు లెక్కలో తగ్గించి చూసే పద్ధతి అమెరికా బ్యాంకుల్లోనూ ఉండేది. ఆడవాళ్లు పోరాడాక 1974లో సమాన పరపతి చట్టం వచ్చింది. ఇక్కడ రిజర్వు బ్యాంకు 2003లో ఇచ్చిన న్యాయ ప్రవర్తన నియమావళి అప్పులివ్వడంలో లింగ, కుల, మత వివక్ష కూడదంది. అప్పు నిరాకరిస్తే ముఖ్య కారణం రాతపూర్వకంగా చెప్పాలన్న నియమాన్ని 2007లో అన్ని రకాల అప్పులకూ వర్తింపజేసింది. మనకు మాత్రం జరిగేది నోటిమాట: "కుదరదమ్మా."

కాబట్టి అక్కలారా, దరఖాస్తు ఇచ్చినప్పుడు రసీదు అడగండి. కాదన్నప్పుడు కాగితం అడగండి. ఇవ్వకపోతే ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్‌కు రాయండి. అప్పు ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయమని, అందులో తాను వేలు పెట్టనని అంబుడ్స్‌మన్ అంటాడు. కారణం రాసివ్వకపోవడం వ్యాపార నిర్ణయం కాదు, దాన్ని పట్టుకోవాలి. అసలు నిబంధన మారాలంటే మూడు నెలలకోసారి కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా బ్యాంకర్ల సమావేశానికి మన మాట చేరాలి. మొత్తం అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవాలి, ప్రసూతి విరామాన్ని ఉద్యోగ విరామంగా చూడకూడదు, పొదుపు సంఘంలో తప్పకుండా కట్టిన కంతులకు విలువ కట్టాలి. మూడు ఊళ్లలోనూ తిరస్కరణ కాగితాలు పోగు చెయ్యండి. వచ్చే సమావేశానికి వాటిని చేతబట్టుకునే వెళ్దాం.