వంటింటి లెక్క: పందికూర తింటే రక్తం పడతాదా?

పోయిన ఆదివారం కొళాయి కాడ బిందె పెట్టుకుని నిలబడి ఉంటే, పక్క లైనులో ఉండే చెల్లెలు ఒకామె నన్ను ఓరగా పిలిచింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, మా పాపకు రక్తం ఎనిమిదిన్నరే ఉండాదంట. పందికూర పెడితే రక్తం పడతాదని మా అత్త చెప్తాది. నిజమేనా?"

పాప అంటే చిన్నపిల్ల కాదు. ఇరవై ఏండ్లు. రింగ్ ఫ్రేము కాడ నైట్ షిఫ్టు చేస్తాది. ఆ చెల్లెలు ఎందుకు గొంతు తగ్గించిందో నేను వేరే చెప్పక్కర్లేదు. మన లైన్లలో సగం ఇండ్లలో వండుతారు, సగం ఇండ్లలో వండరు. వండే ఇండ్లు కిటికీలు మూసుకుని వండుతాయి.

నేనూ అట్లా వండినదాన్నే. మా అమ్మ బోడిలో ఏలక్కాయ ఏరే పనికి పోయేది. శనివారం సంబళం వస్తే ఆదివారం మా నాయన ఆకులో చుట్టి పందికూర తెచ్చేవాడు, వీధిలో అందరికీ కనపడేటట్టే తెచ్చేవాడు. పెండ్లయి మిల్లు లైనుకు వచ్చినాక నాకు సిగ్గు పట్టుకుంది. ఒకసారి మిగిలిన కూరను మా అబ్బాయి క్యారియరులో పెట్టి, ఎవరన్నా అడిగితే కోడికూర అని చెప్పమన్నా. సాయంత్రం క్యారియరు మూత తీయకుండానే ఇంటికి తెచ్చినాడు. అబద్ధం చెప్పడానికి వాడికి నోరు రాలేదు, పస్తు ఉన్నాడు. వాడికి ఇప్పుడు ముప్పై దాటింది. నాకు ఆ క్యారియరు ఇంకా గుర్తుంది.

సరే, చెల్లెలి ప్రశ్నకు వస్తా. రక్తం మాట చివర చెప్తా, ముందు ఆ కూరలో ఏముందో చూద్దాం. పందిలో వెన్నెముక కింద లోపలివైపు పొడుగ్గా ఒక మెత్తటి కండ ఉంటుంది. దానిమీది కొవ్వు తీసేసి కాల్చితే, వండిన 100 గ్రాముల్లో 26 గ్రాముల దాకా ప్రోటీను ఉంటుంది. కొవ్వు మూడున్నర గ్రాములే. తోలు తీసి కాల్చిన కోడి రొమ్ములో ఉండే కొవ్వూ అంతే. నమ్మబుద్ధి కాదు కదా? పంది అంటే కొవ్వు అని మన మనసులో పడిపోయింది. అది పొట్ట ముక్క వల్ల వచ్చిన పేరు. పచ్చి పొట్ట ముక్క 100 గ్రాములు తూచి చూస్తే సగానికి పైగా కొవ్వే, ప్రోటీను పది గ్రాములు కూడా ఉండదు. అదే జంతువు, ముక్క వేరు. అందుకే కడలో "అరకిలో ఇవ్వు" అని ఊరికే అనకండి. "తొడ కండ ఇవ్వు, కొవ్వు తీసి తూచు" అని అడగండి. కడవాడు మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనీండి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆడమనిషికి రోజుకు 46 గ్రాములు, మగమనిషికి 54 గ్రాములు ప్రోటీను కావాల. అరకిలో కండ వండితే తగ్గి 350 గ్రాములు అవుతుంది. ఐదుగురు తింటే తలా 70 గ్రాములు, అంటే 18 గ్రాముల ప్రోటీను. మూడు కోడిగుడ్లు తిన్నట్టు. మేకకూర కొనే దుడ్డుతో మా కడలో దీన్ని రెండింతలు తేవచ్చు. డబ్బా పొడి పాలలో కలిపి పిల్లలకు పోసేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

ఇంకొక సంగతి ఉంది, బి1 విటమిను. తిన్న అన్నం ఒంట్లో బలంగా మారాలంటే, నరాలు సరిగ్గా పని చేయాలంటే ఇది ఉండాల. మనకు రోజుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల చుట్టూ కావాల. 100 గ్రాముల పంది కండలో దగ్గర దగ్గర ఒక మిల్లీగ్రాము ఉంటుంది. కోడి రొమ్ము కంటే పదింతలు ఎక్కువ. ఇది లేకపోతే బెరిబెరి వస్తుంది, కాళ్ళు వాచిపోతాయి, తిమ్మిరెక్కుతాయి. వెనకటికి ఆంధ్రా కోస్తాలో బాగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తినేవాళ్ళకు ఆ జబ్బు ఉండేది. దాన్ని విచారించడానికే మెక్కారిసన్ దొర 1918లో మన నీలగిరి కూనూరులో ఒక గదిలో పని మొదలుపెట్టినాడు. ఆ గదే పెరిగి 1958లో హైదరాబాదుకు పోయి, నేను పైన చెప్పిన సంస్థ అయ్యింది. వడ్లను పొట్టుతోనే ఉడకబెడితే బి1 గింజలోపలికి దిగుతుంది. కాబట్టి రేషన్ పుళుంగల్ బియ్యాన్ని చిన్నచూపు చూడకండి.

ఇప్పుడు రక్తం సంగతి. చెల్లెలా, మీ అత్త మాట సగమే నిజం. పంది కండ 100 గ్రాముల్లో ఇనుము ఒక మిల్లీగ్రామే. ఆడవాళ్ళకు రోజుకు 29 కావాల. ఎనిమిదిన్నర ఉన్న రక్తం కండతో పన్నెండుకు ఎక్కదు. కార్జంలో అయితే 18 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, వారానికి ఒకసారి కొంచెం పెట్టు. కడుపుతో ఉన్నవాళ్ళు మాత్రం కార్జం తినకూడదు, దాంట్లో ఎ విటమిను మరీ ఎక్కువ. కండ చేసే మేలు ఇంకొకటి ఉంది: దానితోపాటు తిన్న మునగాకులో, పప్పులో ఉండే ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. అయితే అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు పోతుంది. మన మిల్లు పిల్లలు చేసేది అదే. టీ గంటసేపు తరువాత తాగమను. ఆస్పత్రిలో ఇచ్చిన ఇనుము మాత్రలు ఆపకు.

పురుగు భయం గురించి కూడా చెప్పాల, అది ఉత్త భయం కాదు. ఆరుబయట దొడ్డికి పోయే చోట తిరిగే పందుల కండలో బద్దెపురుగు బుడ్డలు ఉంటాయి, బియ్యపుగింజల్లా తెల్లగా కనపడతాయి. అట్లాంటి కూర కొనవద్దు. కొట్టంలో కట్టి, మేత పెట్టి పెంచిన తెల్లపంది కూర అడిగి కొనండి. సరిగ్గా ఉడకనిది తింటే పురుగు పేగుల్లో పెరుగుతుంది. మెదడులోకి పోయి మూర్ఛ తెప్పించేది మాత్రం ఆ మనిషి దొడ్డిలోంచి వచ్చే గుడ్లు. అవి చేతులకు, నీళ్ళకు, ఆకుకూరకు అంటుకుని ఎవరి నోట్లోకైనా పోతాయి. జన్మలో పంది ముట్టనివాళ్ళకూ రావచ్చు. దొడ్డికి పోయి వచ్చి సోపుతో చేతులు కడగడం తినేవాళ్ళకూ తిననివాళ్ళకూ ఒకటే.

నేను వండే తీరు ఇది. కొవ్వు తీసిన కండకు ఉప్పు, పసుపు, నలగ్గొట్టిన మిరియాలు, అల్లం, తెల్లగడ్డ పట్టించి అరగంట పెడతా. కుక్కరులో అరగ్లాసు నీళ్ళు పోసి ఐదు విజిళ్ళు. కుక్కరు వేడికి పురుగు బతకదు. తరువాత ఇనుప చట్టిలో చిన్న ఎర్రగడ్డలు, కరేపాకు వేసి, ముక్కలను ఎర్రగా కాలనిస్తా. కుక్కరులో మిగిలిన నీళ్ళు పారబోయవద్దు, బి1 దాంట్లోకి దిగి ఉంటుంది. ఆ చట్టిలోనే పోసి ఇంకనీండి. పగిలిన ఏలక్కాయ ఒకటి ఉంటే వేయండి, మన ఊరికి అదొక్కటే చవక అని మా అమ్మ అనేది. ఇప్పుడు అదీ చవక కాదు.

మతం వల్లో అలవాటు వల్లో తిననివాళ్ళను తినమని చెప్పడం లేదు, వాళ్ళకు పప్పు, గుడ్డు, సెనగలు ఉన్నాయి. వచ్చే నెల కరువాడు గురించి రాస్తా. దాంట్లో ఉప్పు ఎంత, రక్తపోటు ఉన్నవాళ్ళు ఎట్లా తినాల అని చాలామంది అడిగినారు. ఇంకేమన్నా అడగాలంటే కొళాయి కాడ అడగండి. గట్టిగానే అడగండి, నాకు ఎడమ చెవి సరిగ్గా వినపడదు. ముప్పై ఏండ్లు ఫ్రేముల మోతలో ఉంటి కదా.