మైనము పోయి యిత్తడి వచ్చు విధము

మా యేర్పేటి చెంత గుడిమల్లమున ఱాతిలింగమును జూచిన సోదరీమణులు శిల్పి యులిని మెచ్చుకొందురు. ఉలి ముట్టని శిల్పమును గలదు. తెలంగాణమున, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని ఉషేగాం, కేస్లాగూడ పల్లెల ఓజులు గోండులకు దేవతామూర్తులను, గంటలను, దీపములను మైనముతోనే రూపొందింతురు.

మట్టిముద్దపై మైనపుదారములను, మనము మురుకులు చుట్టినట్లే, చుట్టి రూపు దీర్తురు. పైని మెత్తని మన్ను పూసి, ఒక బెజ్జము విడిచి, యారబెట్టి కాల్తురు. మైనము కరగిపోవును, అది విడిచిన చోట కరగిన యిత్తడిని పోయుదురు. చల్లారిన పిదప మూసను పగులగొట్టవలసినదే. ఒక మూసకు ఒకే బొమ్మ! మైనముపై బడిన వ్రేలిముద్రయు నిత్తడిలో నిలుచును. మొహెంజోదారో నర్తకి ప్రతిమయు నీ పద్ధతిదే యని పండితుల మతము. మన శిల్పశాస్త్రములలో దీనికి మధూచ్ఛిష్టవిధానమని పేరు.

2018లో ఆదిలాబాదు డోక్రాకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఐనను అంగడిలో "ఈ రెండును సమముగా లేవే, యంత్రపుబొమ్మ చవుక గదా" యని బేరమాడువారము మనమే. సమముగా లేకుండుటయే దాని గుర్తు! పోత చెడినచో మైనపుపని యంతయు మరల మొదటినుండి చేయవలయును; ఆ శ్రమ తూకమున గానరాదు. కావున దీపముల జంట కొనువారు చిన్న భేదమున్నదానినే యేఱుకొనుడు. ఇత్తడి తూకము లెక్కగట్టి మాత్రము బేరమాడకుడు.